చావు కబురు మోసిన ఇంటిపేరు

నా చిన్నప్పుడు మా ఇంటిపేరు ఎవరైనా గట్టిగా పలికితే తల దించుకునేదాన్ని. మాది బేగరి వాళ్ల ఇల్లు. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే దారిలో మా పల్లె. ఊళ్లో ఎవరు పోయినా గుంత తవ్వడం, చుట్టాల ఊళ్లకు నడిచి వెళ్లి ఆ కబురు చెప్పడం మా తాతయ్య పని. బడికి వెళ్తే పిల్లలు, "బేగరోళ్ల పిల్ల వచ్చింది, ఇయ్యాల ఎవరింట్ల పోయిన్రే?" అనేవారు. కొన్నాళ్లు ఓర్చుకుని బడి మానేశాను. బైబిలు చదవడానికి తాను నేర్చుకున్న అక్షరాలనే మా అమ్మ నాకూ నేర్పింది. ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే దేవుడి దయ, అమ్మ ఓపిక.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక పొద్దున మా ఊరి పెద్ద రైతు ఇంట్లో ఇల్లాలు కన్నుమూసింది. ఆమె కూతురిని ఎల్లారెడ్డి దగ్గరి ఊరికి ఇచ్చారు. అమ్మ నాట్లకు పోవడంతో తాతయ్య నన్నూ వెంట తీసుకెళ్లాడు. దారి పొడవునా ఆడవాళ్లు తాతయ్యను చూసి మాటలు ఆపేశారు. మేము ఎవరి వాకిట్లో ఆగుతామోనని వాళ్ల భయం.

ఆ కూతురు పచ్చి బాలింత. ఒళ్లో నెల పిల్ల. తాతయ్యను చూసి, "మా అవ్వ పంపిందా తాతా? మంచిగున్నదా?" అని తల్లి గురించి నవ్వుతూ అడిగింది. చావు కబురు తెచ్చినవాడు కూర్చోకూడదు. తాతయ్య గడప అవతలే నిలబడ్డాడు. వాళ్ల అత్తగారికి ఆ నిలబడడంతోనే అర్థమైంది. ఏమీ అడగకుండా లోపలికి వెళ్లి కంచంలో అన్నం పెట్టుకొచ్చింది.

"అవ్వకు పానం బాగలేదమ్మా. పోదాం గని, ముందుగాల రెండు ముద్దలు తిను" అన్నాడు తాతయ్య.

ఆమె కంచం ముందు కూర్చుంది. అబద్ధం పాపమని అమ్మ నేర్పిన పాఠం నాకు అప్పుడే గుర్తు రావాలా? తాతయ్యను ఆ పాపం చేయనివ్వకూడదనుకున్నాను.

"గట్ల కాదు, ఆమె పొద్దుగాలనే సచ్చిపోయింది" అన్నాను.

ఆమె చేతిలో ముద్ద కలిపింది కలిపినట్టే ఉండిపోయింది. తర్వాత కంచం పక్కకు జరిపి లేచింది. అత్తగారు ఎంత బతిమాలినా మెతుకు ముట్టలేదు. వాళ్లు బండి కట్టారు. మేము వెనక నడిచాం. కొంత దూరం పోయాక పసిపిల్ల ఏడుపు మొదలైంది. తల్లి రొమ్ము ఇస్తోంది, పాలు చాలడం లేదు. మా ఊరు వచ్చేదాకా ఆ ఏడుపు ఆగలేదు.

తాతయ్య నన్ను కోప్పడలేదు. చావు ఇంట్లో శవం లేచేదాకా పొయ్యి ముట్టించరని, ఆమెకు మళ్లీ అన్నం దొరికేది ఎప్పుడో తెలియదని, అందుకే బాలింత ఉన్న ఇంట్లో తిన్నాకే కబురు చెప్పాలని వాళ్ల నాయన నేర్పాడట. బండి వెంట నడుస్తూ మెల్లగా చెప్పాడు. మన పేరు ఎట్లా వచ్చిందని అప్పుడే అడిగాను. నిజాం కాలంలో కూలి ఇవ్వకుండా చేయించుకునే చాకిరిని బేగారి అనేవారట. ఆ చాకిరి చేసిన వాళ్లకు అదే ఇంటిపేరై అతుక్కుంది.

"పేరు ఆళ్లు పెట్టిన్రు బిడ్డా. పని ఎట్ల చెయ్యాల్నో మనోళ్లే నేర్చుకున్నరు" అన్నాడు.

మూడో రోజు ఆ పెద్ద రైతు ఇంటిదాకా వెళ్లాను, ఆమెను క్షమించమని అడగాలని. గేదెల కొట్టం దగ్గర చాలాసేపు నిలబడ్డాను. లోపల పిల్ల ఏడుస్తూనే ఉంది. ధైర్యం చాలక తిరిగి వచ్చేశాను. తర్వాత ఆమె అత్తగారింటికి వెళ్లిపోయింది. మళ్లీ నాకు కనిపించలేదు.

ఇప్పుడు చావు కబురు ఫోన్లో వస్తోంది. ఎవరూ ఎవరి గడప ముందూ నిలబడడం లేదు. ఇంటిపేరుకు ఒక్క అక్షరం రాస్తే చాలదా నానమ్మా అంటుంది మా మనుమరాలు. పెళ్లయ్యాక కూడా మార్చుకోని ఆ పేరును నేను మాత్రం బేగరి అని పూర్తిగానే రాస్తాను. రాసిన ప్రతిసారీ ప్రభువు ముందు ఆ తల్లిని, పేరైనా తెలియని ఆ పసిపిల్లను తలుచుకుంటాను. ఆనాడు గడప దాకా వెళ్లి అడగలేకపోయిన క్షమాపణ ఇంకా నా దగ్గరే ఉంది.