మామ ‘ఎడమ’ అని అరిచిన రోజు

మామ పోయాడన్న కబురు నాకు మాట్టుతావణి కూరగాయల మార్కెట్లో తెలిసింది. ఫోన్ చేసింది పీలమేడులో ఆయన ఎదురింట్లో ఉండే చిన్నమామ. "అమ్మణీ, మీ మామ పోయినాడు. పొద్దున కాపీ తాగి కుర్చీలో కూర్చున్నాడు, అంతే," అన్నాడు. మళ్ళీ తనే, "కట్టె ఒళ్ళోనే ఉండాది," అన్నాడు. సగం నిండిన సంచీతోనే కోయంబత్తూరు బస్సెక్కాను.

కట్టె అంటే ఊతకర్ర కాదు, హాకీ కట్టె. మామ మా అమ్మకి అన్న. మా బంధువుల్లో ఆట ఆడి జీతం తీసుకున్న మొదటి మనిషి. తమిళ నేల మీద నల్లరేగడిలో పత్తి వేసుకునే తెలుగు కుటుంబం మాది. కోయంబత్తూరు నూలు మిల్లు హాకీ జట్టు నుంచి పిలుపొచ్చినప్పుడు మా తాత అస్సలు నమ్మలేదట. "ఆడేదానికి సంబళమా? ఇంగ నిద్రపోయేదానికి గూడా ఇస్తారేమో, అడిగి రా పో," అన్నాడట. ఆ మాట తలుచుకుని మామ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వేవాడు.

నవ్వినా, ఆటను పనిలాగే చూశాడు. మిల్లు మైదానానికి అందరికంటే ముందు వెళ్ళి రాళ్ళు ఏరేవాడు. సెలవులకి వెళితే నాచేతా ఏరించేవాడు. "మామా, నేను ఆడేదానికి వచ్చినానా, కూలికి వచ్చినానా?" అని విసుక్కుంటే, "రెండూ ఒకటే అమ్మణీ," అనేవాడు. ముసలితనంలో టీవీలో మ్యాచ్ చూస్తున్నా కట్టె ఒళ్ళో ఉండాల్సిందే. తిట్లన్నీ తమిళంలో, మెచ్చుకోళ్ళు తెలుగులో. తెలుగు వినబడిందంటే గోల్ పడిందని వంటింట్లో ఉన్న అత్తకి తెలిసిపోయేది.

మైదానంలో ఆయన తెలివంతా ఆ తెలుగులోనే ఉండేది. జట్టులో అందరికీ ఎడమ, కుడి, వదులు, ఆపు అన్న నాలుగు ముక్కలు నేర్పాడు. బంతి ఎటు వస్తుందో తెలుగులో కేకేస్తే ఎదుటివాళ్ళకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అలా చాలా ఆటలు గెలిచారు.

కానీ అప్పటికి మామ బద్లీ మాత్రమే. అంటే ఎవరైనా రాని రోజునే మిల్లులో పని. ఆ ఏడు ఊళ్ళో వానల్లేవు. తాత, అవ్వ, మా అమ్మ, అందరూ ఆయన పంపేదాని మీదే తింటున్నారు. కప్పు గెలిస్తే పర్మనెంట్ చేస్తామని మేనేజరు మాటిచ్చాడు. తీరా ఫైనల్లో ఎదురుపడ్డది మా నల్లరేగడి ఊళ్ళ జట్టు. అంతా తెలుగు మాట్లాడే మనవాళ్ళే! మామ కేక అర్థమై, అది ముగిసేలోపే బంతికి అడ్డం వచ్చేశారు. విరామానికి ఇరుపక్కలా గోల్ లేదు.

అప్పుడు మామ తన జట్టుని పక్కకు పిలిచి తమిళంలో చెప్పాడు, చివర్లో నేను ఎడమ అంటే మీరు కుడికి పరిగెత్తండని. ఆట ముగిసే ముందు "ఎడమ!" అని అరిచాడు. గోల్ ముందు కాపు కాసే ఎదుటి బ్యాక్ ఎడమకి దూకాడు. బంతి కుడి నుంచి గోల్లోకి పోయింది.

కప్పు వచ్చింది, పర్మనెంటూ వచ్చింది. ఆట అయ్యాక ఆ బ్యాక్ కుర్రాడు దగ్గరికొచ్చి, కోపం కూడా లేకుండా, "మన మాటేగదా అని నమ్మినానన్నా," అన్నాడట. ఆ రాత్రి మిల్లువాళ్ళు పెట్టిన బిర్యానీ మామకి మింగుడుపడలేదు.

ఆ తర్వాత ఆయన మైదానంలో మళ్ళీ తెలుగు మాట్లాడలేదు. ఈలే వేసేవాడు. "ఆటలో కాళ్ళు అబద్ధం చెప్పొచ్చు అమ్మణీ, నోరు చెప్పగూడదు," అనేవాడు. మరుసటి ఏడు మామే మేనేజరు వెంటపడి ఆ బ్యాక్‌ని తమ మిల్లుకే తెప్పించాడు, ఎదురింట్లో కాపురం పెట్టించాడు. నాకు ఫోన్ చేసిన చిన్నమామ ఆయనే. ఇద్దరూ ముసలివాళ్ళయ్యేదాకా ఒకే జట్టు, ఒకే అరుగు. ఇంటి దగ్గర ఎన్ని తెలుగు కబుర్లు చెప్పుకున్నా, ఆటలో మాత్రం ఈలే. గెలిచిన మనిషి అంతకాలం తనకు తానే శిక్ష వేసుకోవడం ఎంతమందికి చేతనవుతుంది? నేను మామని గోల్స్ కంటే దీనికే ఎక్కువ మెచ్చుకుంటాను.

సాయంత్రం పాడె లేచింది. ఆడవాళ్ళం వీధి మలుపు దాకా వెళ్ళి ఆగిపోయాం. ఎటు తిరగాలో తెలియక మోస్తున్న కుర్రాళ్ళు తడబడ్డారు. ముందు నడుస్తున్న చిన్నమామ వెనక్కి తిరిగి, మామ హాకీ కట్టెను పైకెత్తి, మైదానమంతా వినబడేటంత గొంతుతో అరిచాడు.

"ఎడమ! అన్నా, ఎడమ!"

పాడె ఎడమకే తిరిగింది.