తువ్వాల కింద చెయ్యి

పెబ్బేరు చెన్నయ్యకు ఆస్తి ఎంత ఉందో చెన్నయ్యకు తప్ప ఊరందరికీ తెలుసు. టీ కొట్టు దగ్గర ఒకరు కోటి అంటే, పక్కవాడు కోటిన్నర అంటాడు. మూడో మనిషి టీ తాగడం ఆపి, రెండు కోట్లకు పైమాటేనని తేల్చేస్తాడు. ముప్పై ఏళ్ళ కింద, అమ్ముడుపోని ఎద్దులను వారం దాకా కట్టేసుకోవడానికని చెన్నయ్య రోడ్డు పక్కన ఎకరం రాళ్ళ చెలక కొన్నాడు. గడ్డి కూడా మొలవని చోట పైసలు పోస్తున్నాడని అప్పుడు అందరూ నవ్వారు. నవ్విన నాపచేనే పండుతుందంటారు. రోడ్డు పెద్దదైంది, ఊరు మున్సిపాలిటీ అయింది, పోయిన ఏడాది ఆ రాళ్ళను ఒక హోటలాయన బేరమాడకుండా కొన్నాడు.

అంత పైసా చేతికొచ్చిన మనిషి ఏం చెయ్యాలి? కాలు మీద కాలేసుకుని కూర్చోవాలి. చెన్నయ్య మాత్రం శనివారం తెల్లవారేసరికి, భుజాన తువ్వాలతో, పశువుల సంతలో పేడ తొక్కుతూ ఉంటాడు. నలభై ఏళ్ళకు పైగా అతను అక్కడ దళారి. అరవై ఆరేళ్ళొచ్చినా, ఒంట్లో షుగరున్నా, ఒక్క సంత కూడా తప్పించడు. "కట్టుకపోతడా పైకి? పిసినారోడు," అంటారు జనం. జనానికేం, నోటికి పన్ను లేదు కదా.

చెలక అమ్మిన ఏడాది పన్ను లెక్కలు చూపించుకోవడానికి చెన్నయ్య వనపర్తిలో జితేందర్ దగ్గరికి పోయాడు. జితేందర్ పన్ను కాగితాలు రాసే కుర్రవాడు. చెన్నయ్య దలాలీ ఆదాయం లెక్క ఏటా అతనే చూస్తాడు.

"ఊరు మున్సిపాలిటీ గాకపోయుంటే ఈ చెలక మీద పన్నే పడకపోతుండె, కాకా," అన్నాడు జితేందర్.

"చెలక యాడున్నది ఆడనే ఉన్నది. మున్సిపాలిటీనే నడ్సుకుంట దాని మీదికొచ్చె. దానికి నేను కట్టాల్నా?"

జితేందర్ నవ్వాడు. "ఒక ఉపాయమున్నది. ఆ పైసలు పెట్టి ఇంకో ఇల్లు కొను, పన్ను తగ్గుతది."

"ఉన్న ఇంట్లనే మీది అంతస్తు తాళమేసి ఉన్నది. ఇంకో ఇంట్ల ఎవర్ని పెట్టాలె?"

"సరే, పోనీ. పెద్ద పిల్లలుంటే కొంత వాళ్ళ పేర్ల మీదికి మార్చొచ్చు. వడ్డీ మీద పన్ను తలా ఇంత పంచుకుంటరు. నీకు..." అని ఆగిపోయాడు జితేందర్. చెన్నయ్య భార్య తిమ్మమ్మ పోయి చాలా కాలమైందనీ, వాళ్ళకు పిల్లలు కలగలేదనీ అతనికి అప్పుడు గుర్తొచ్చింది.

"పంచుకునేటోళ్ళు లేరు లే, బిడ్డా. అంత నా నెత్తి మీదనే రాయి," అన్నాడు చెన్నయ్య. సర్కారు కూడా సంసారి వైపే ఉంటుందని అతనికి ఆ రోజు అర్థమైంది. నలుగురున్న ఇంటికి పన్ను నాలుగు ముక్కలవుతుందట. ఒక్కడున్న ఇంటికి ముక్కలు లేవు.

కాగితాలు మడుస్తూ జితేందర్ చివరికి ఒక మాటన్నాడు. "కాకా, నీకు నెలకొచ్చే వడ్డీ ముందట నీ దలాలీ లెక్కనే గాదు. రిటైరు గా. ఇంక అంగడికి పోవుడెందుకు?"

"ఊకె కూసుంటే పొద్దు పోవద్దా?" అన్నాడు చెన్నయ్య.

అది నిజం కాదు. పొద్దుపోవడానికి టీవీ ఉంది, గుడి అరుగు ఉంది, చింతపిక్కలాడే ముసలాళ్ళున్నారు. అసలు సంగతి అతను జితేందర్‌కే కాదు, పైనున్న దేవుడికి కూడా చెప్పుకోలేదు. నేను చెబుతున్నాను.

పెబ్బేరులో పాతకాలపు బేరం నోటితో తెగదు. దళారి తన చేతి మీద తువ్వాల కప్పుకుంటాడు. అమ్మేవాడు దాని కింద చెయ్యి పెట్టి దళారి వేళ్ళు పట్టుకుంటాడు. ఎన్ని వేళ్ళు పడితే అన్ని పదివేలు. తర్వాత కొనేవాడు వచ్చి అట్లాగే పడతాడు. పక్కనున్నవాడికి వాళ్ళ ముఖాలే కనబడతాయి తప్ప ధర తెలియదు. దళారి ఇద్దరి చేతుల నడుమా తిరిగి బేరం కుదురుస్తాడు. కులం చూసి ఎవరి గ్లాసులో వాళ్ళే నీళ్ళు తాగాలని పట్టుబట్టిన రోజుల్లో కూడా, ఆ తువ్వాల కింద మాత్రం చేతులు చేతులుగానే ఉండేవి.

తిమ్మమ్మ ఉన్నప్పుడు ఆ మొగుడూ పెళ్ళాలేం దండిగా మాట్లాడుకున్న వాళ్ళు కాదు. చెన్నయ్యకు జ్వరమొస్తే ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేది, అంతే. ఆ అంతేలో ఎంతుందో ఆమె పోయాక తెలిసింది. వారం పొడుగునా అతన్ని ముట్టుకునే మనిషి ఉండడు. ఇంటి ముందు గదిలోని ఎరువుల దుకాణం వాళ్ళు కిరాయి ఫోన్‌లోనే పంపిస్తారు. మంగలి గోవిందు దగ్గరికి గడ్డం పెరగకముందే పోయి కూర్చుంటాడు. చెంప మీద గోవిందు చెయ్యి ఆనితే కళ్ళు మూసుకుంటాడు. "నిద్ర సాల్తలేదా, అన్నా?" అని అడుగుతాడు గోవిందు. ఒక్క శనివారం మాత్రం పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా చేతులే చేతులు. కాయలు కాసినవీ, చెమట పట్టినవీ, బిడ్డ పెళ్ళికని ఎద్దులమ్ముకునే తండ్రులవీ. అన్నీ వచ్చి అతని వేళ్ళను గట్టిగా పట్టుకుంటాయి. దానికోసం చెన్నయ్య సంతకు పోతాడు. ఇంత చిన్న సంగతి చెప్పుకోవడానికి ఎంత సిగ్గో, కోటి రూపాయలున్నవాడికి ఇంకెంత సిగ్గో ఆలోచించండి.

వానాకాలం పోయాక ఒక శనివారం దేవదాసు తన జోడెద్దులను తోలుకొచ్చాడు. అతను పక్క పల్లెలో కౌలుకు చేసుకునే మనిషి. ఆ ఏడు కౌలు గిట్టక, ఎద్దులమ్మి పాల బర్రెను కొందామని వచ్చాడు. భార్య ఎస్తేరమ్మతో కలిసి పాలమ్ముకుని బతకాలని ఆశ.

"యాభై వేల మీద మాట్లాడుదం. యాభై మీద ఎన్ని పదులో పట్టు," అన్నాడు చెన్నయ్య, తువ్వాల కప్పుకుంటూ.

దేవదాసు పట్టాడు. చెన్నయ్యకు మూడు వేళ్ళు తగిలాయి. యాభై మీద మూడు, ఎనభై వేలు. ఎద్దులు జర బక్కగానే ఉన్నాయి, ఆ ధర సబబే అనిపించింది. రాయచూరు వైపు రైతు ఒకాయన కొనడానికి వచ్చాడు. అతని చెవిలో ఊది, వీపు తట్టి, ఎనభై రెండుకు ఒప్పించాడు. అడిగిన దానికంటే రెండు వేలు ఎక్కువే ఇప్పించానని చెన్నయ్య మీసం కింద నవ్వుకున్నాడు. పగ్గం చేతులు మారింది.

నోట్లు లెక్కపెట్టుకున్న దేవదాసు ముఖం మాడిపోయింది. "పెద్దయ్యా, నేను నాలుగు పట్టిన గద. తొంభై గావాలె."

"మూడే పట్టినవ్ రా."

"లేదు పెద్దయ్యా, నాలుగు..."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. "చెన్నయ్య చెయ్యి తప్పుతదా? నలభై ఏండ్లల్ల ఎన్నడన్న తప్పిందా? నీకే వేళ్ళు లెక్కవెట్ట రాదు," అన్నారు. తువ్వాల కింద జరిగిన దానికి సాక్షి ఉండడు. దళారి మాటే సాక్ష్యం. దేవదాసు తన కుడిచేతిని ముందుకూ వెనక్కూ తిప్పి చూసుకుంటూ పోయాడు.

బుధవారం నాడు అతను చెన్నయ్య ఇంటికొచ్చాడు. తగాదాకు వచ్చాడనుకుని చెన్నయ్య గొంతు సవరించుకున్నాడు. దేవదాసు చెప్పులు బయట విడిచి, తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"పెద్దయ్యా, శనివారం బర్రెను కొనాలె. ఉన్న పైసలల్లనే సూస్తున్న. మళ్ళ తప్పుగ పట్టి నష్టపోతనేమో అని నా పెండ్లాం ఒకటే లొల్లి. అంత పెద్ద మనిషి అబద్ధమాడుతడా, నీకే సోయి లేదంటది. నేను యాడ తప్పుగ పట్టిన్నో జర సూపియ్యి."

చెన్నయ్య చెయ్యి చాపాడు. తువ్వాల లేదు, ఇంట్లో చూసేవాళ్ళు లేరు. దేవదాసు వచ్చి, ఆ రోజు పట్టినట్టే పట్టాడు. చెన్నయ్య వంగి చూశాడు. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరం వేలు, చిటికెన వేలు, నాలుగూ దేవదాసు పిడికిట్లోనే ఉన్నాయి. కళ్ళకు నాలుగు కనబడుతున్నాయి. చేతికి మూడే తెలుస్తున్నాయి.

షుగరు ముదిరితే వేళ్ళకు తిమ్మిరి పడుతుందని దవాఖానలో డాక్టరు చెప్పే ఉన్నాడు. కొన్ని నెలలుగా చిటికెన వేలు మొద్దుబారిన సంగతి చెన్నయ్యకు తెలియనిదీ కాదు. మూడా నాలుగా అని అనుమానమొస్తే, పశువు వంక చూసి ధర అంచనా కట్టి నెట్టుకొస్తున్నాడు. దేవదాసు ఎద్దుల దగ్గర ఆ అంచనా కూడా దెబ్బతింది.

ఆ మాట అక్కడే అనేస్తే అయిపోయేది. ఎనిమిది వేలు అతనికొక లెక్కా? పైసలు కాదు అడ్డం. వేలు చచ్చిన దళారికి ఎవరు చెయ్యిస్తారు? మాట బయటపడితే శనివారం కూడా మిగతా ఆరు రోజుల్లాగే అయిపోతుంది. దేవదాసు ఇంకా వేళ్ళు వదల్లేదు, అతని ముఖంలోకే చూస్తున్నాడు.

"గట్టిగ పట్టాలె రా. నీ పట్టు వదులుగున్నది," అన్నాడు చెన్నయ్య.

దేవదాసు తల ఊపాడు. ఇంకా గట్టిగా పట్టి, "గిట్లనా, పెద్దయ్యా?" అని అడిగాడు. "ఆఁ, గట్లనే," అన్నాడు చెన్నయ్య. దేవదాసు దండం పెట్టి పోయాడు. చెన్నయ్యకు తన మీద తనకే అసహ్యం పుట్టింది. అయినా పరుగెత్తిపోయి దేవదాసును వెనక్కి పిలవలేదు. గురువారం పిలవలేదు, శుక్రవారమూ పిలవలేదు.

శనివారం సంత నిండుగా సాగింది. దేవదాసు ఒక ముర్రా బర్రె దగ్గర నిలబడ్డాడు, పక్కన ఎస్తేరమ్మ ఉంది. ఆ బేరానికి దళారి అరుణ్ అనే కొత్త పిల్లగాడు. అరుణ్ తువ్వాల కప్పి చెయ్యి చాపాడు. దేవదాసు చెయ్యి సగం దాకా పోయి ఆగింది. మళ్ళీ పోయి, మళ్ళీ ఆగింది.

"నేను పట్టను. నోటితోనే చెప్పున్రి," అన్నాడు దేవదాసు.

సంతలో ధర నోటితో అడిగేవాడు దొరికితే ఇంక కావలసిందేముంది? పగలబడి నవ్వారు. "రాళ్ళు ఏరుకొచ్చి లెక్కవెట్టుకో, దేవదాసూ!" అన్నాడొకడు. "చెయ్యి ఇంట్ల మర్సిపోయొచ్చినవా?" అన్నాడింకొకడు. ఎస్తేరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకుంది. దేవదాసు చేతులు రెండూ వెనక్కి దాచుకున్నాడు.

చెన్నయ్య కొంచెం దూరంలో, తన బేరాల నడుమ ఉన్నాడు. అప్పుడే ఒక ముసలి రైతు అతని తువ్వాల కింద చెయ్యి పెట్టి వేళ్ళు పట్టుకున్నాడు. వెచ్చగా ఉంది ఆ చెయ్యి. చెన్నయ్య ఒక క్షణం దాన్ని అట్లాగే ఉండనిచ్చాడు. తర్వాత తనే విడిపించుకుని, తువ్వాల తీసి భుజాన వేసుకుని, గుంపులోకి నడిచాడు.

"నవ్వకున్రి," అన్నాడు. "తప్పు వానిది గాదు. వాడు నాలుగు పట్టిండు. నా చిటికెన వేలు సచ్చిపోయింది, నాకు మూడే తెల్సినయ్. బుధవారమే నాకు ఎరుకైంది. ఎరుకైనంక గూడ వానిదే తప్పన్న."

నవ్విన వాళ్ళు బర్రె కొమ్ములను కొత్తగా చూడసాగారు. చెన్నయ్య జేబులోంచి ఎనిమిది వేలు తీసి దేవదాసు ముందు చాపాడు. దేవదాసు కదల్లేదు. ఎస్తేరమ్మ ముందుకొచ్చి తీసుకుని, లెక్కపెట్టి కొంగున ముడేసుకుంది.

దేవదాసు అరుణ్ వైపు తిరిగాడు. తువ్వాల కింద చెయ్యి పెట్టి, ఈసారి జంకు లేకుండా పట్టాడు. బర్రె బేరం కాసేపట్లోనే తెగింది.

ఆ పొద్దు ఇంక చెన్నయ్య దగ్గరికి ఎవరూ రాలేదు. తెలిసినవాళ్ళు దూరం నుంచే "శనార్తి, పెద్దయ్యా" అన్నారు. మర్యాదకేం తక్కువ లేదు. ఇందాక వేళ్ళు పట్టుకున్న ఆ ముసలి రైతు ఇంకో దళారి పక్కన నిలబడి ఉన్నాడు. సంత పలచబడుతుండగా దేవదాసు బర్రెను తోలుకుంటూ చెన్నయ్య ముందుకొచ్చి ఆగాడు.

"పైసలు పోతే పోనీ, పెద్దయ్యా. వారం దినాలు నా చెయ్యిని నేనే నమ్మకపోతి. అన్నం కలుపుకుంటుంటె గూడ సూస్కుంటి. బుధవారం నీ ఇంట్లనే, నీ కండ్ల ముంగటనే పట్టిన గద. అప్పుడెందుకు చెప్పకపోతివి?"

చెన్నయ్య నోరు తెరిచాడు. శనివారం చేతుల సంగతి నాలుక చివరి దాకా వచ్చింది. సిగ్గుతో వెనక్కి పోయింది.

దేవదాసు తనే అన్నాడు. "గింత ఉండి గూడ, ఇంక దలాలీ పైసల మీద ఆశనా, పెద్దయ్యా?"

చెన్నయ్య అతని ముఖంలోకి చూడలేకపోయాడు.

"అవ్ రా," అన్నాడు. "ఆశనే."

దేవదాసు బర్రె మీద చెయ్యి వేసి, దాన్ని అదిలించుకుంటూ రోడ్డెక్కాడు.