యెర్కల్లి ఊరి సారు

మా ఇంగ్లీషు సారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను సిరిసిల్లలో మోకాళ్ల డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చుని ఉన్నాను. చేసింది సారు భార్య. మేమంతా టీచరమ్మ అంటాం. "బిడ్డా, మీ సారు పోయిండు. పొద్దుగాల చాయ తాగి, కప్పు కింద వెట్టి, గట్లనే ఒరిగిండు" అంది. ఆమె గొంతులో ఏడుపు లేదు. నాకూ వెంటనే ఏడుపు రాలేదు, ముందు అలసట వచ్చింది. ఈ మధ్య దేనికైనా ముందు అదే వస్తోంది. నా వంతు పక్కావిడకు ఇచ్చేసి, కుంటుకుంటూ బస్టాండుకు నడిచి, కోరుట్ల బస్సు ఎక్కాను.

కోరుట్లలో చిన్నమ్మ ఇంట్లో ఉండి చదువుకున్నప్పుడు సారు నాకు ఇంగ్లీషు చెప్పారు. ఆయన దగ్గర ఇంగ్లీషు ఎంత నేర్చుకున్నానో నాకే అనుమానం. ఆయన్ను తలుచుకునేది అందుకు కాదు. జగిత్యాలలోని పాత చర్చిలో ఒక కొయ్యపెట్టె ఉండేది. అందులో నిజాం కాలంనాటి బాప్తిస్మం పుస్తకాలు. ఇంగ్లండు నుంచి వచ్చిన దొరలు బాప్తిస్మం ఇచ్చిన ప్రతి బిడ్డకూ అందులో ఒక వరుస రాసేవారు: పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, ఊరు. వాళ్ల గొలుసుకట్టు రాత మా దిక్కున చదవగలిగింది సారొక్కరే. ఆదివారం ప్రార్థన అయ్యాక కిటికీ పక్కన కూర్చుని, మగ్గం దారంతో మెడకు కట్టుకున్న భూతద్దం తీసి, దాన్ని పంచె అంచుతో తుడిచేవారు. నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. తాత పేరు, ముత్తాత పేరు వెతుక్కునేవాళ్లు ఆయన చుట్టూ కింద కూర్చునేవారు. దొరికిన ప్రతి వరుసనూ సారు తన నోటుబుక్కులోకి ఎక్కించుకునేవారు.

ఒకసారి సారంగాపూర్ నుంచి ఒకాయన వచ్చాడు. తన ముత్తాత పేరు బక్కడు అని దొరికితే మొహం మాడ్చుకున్నాడు. "జెర మంచి పేరు సూడుండ్రి సారూ" అన్నాడు. సారు భూతద్దం దించి, "ఉన్నోన్ని ఉన్నట్టు తీస్కపో. మంచిగ బతికిండో లేదో గది అడుగు" అన్నారు. ఆయనకు కోపం వచ్చినా అంతకంటే గొంతు లేచేది కాదు.

నేను ఆయన దగ్గరికి వెళ్లింది మా నాయనమ్మ కోసం. గత్తర, అంటే కలరా, వచ్చి ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయిన ఏడు, పసిగుడ్డుగా ఉన్న ఆమెను ఎవరో ఆ దొరల మిషన్ గుమ్మంలో ఇచ్చి వెళ్లారు. అక్కడే పెరిగింది, అక్కడే నేత నేర్చుకుంది. మిషన్ మగ్గాలకు నూలు తెచ్చే మా తాత ఆమెను చూసి, ఇంట్లో అందరితో కొట్లాడి పెళ్లి చేసుకున్నాడు. ఆమెకు అన్నీ అమిరాయి, తల్లిగారిల్లు ఒక్కటే లేదు. మా దిక్కున పెళ్లయిన ఆడబిడ్డకు తల్లిగారు చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోస్తారు. ఒడిబియ్యం అంటాం. వాడకట్టులో ఎవరికి ఒడిబియ్యం పోసినా నాయనమ్మ ఏదో పని కల్పించుకుని ఇంట్లోనే ఉండిపోయేది. "నాకు పోసేటోళ్లు లేరు, సరే. సచ్చేలోపల ఊరి పేరన్న ఎర్కైతే సాలు బిడ్డా" అనేది.

సారు ఆమె వరుస రెండు వారాల్లో పట్టుకున్నారు. తండ్రి గడి ఖాళీ. తల్లి గడి ఖాళీ. ఊరి గడిలో మాత్రం వై అక్షరంతో మొదలై, రెండు ఎల్లులతో సాగి, వై తోనే ముగిసే పేరు ఉంది. సారు చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయారు. "యెర్కల్లి" అన్నారు చివరికి. అట్లాంటి ఊరు మాకెవరికీ తెలియదు. "పల్లిల ప రాలిపోయినట్టున్నది. యెర్కపల్లి గావచ్చు. దొర తప్పు రాయడు బిడ్డా, మనకే సదువరాదు" అన్నారు.

సెలవు దొరికితే చాలు, ఆ ఊరి కోసం తిరిగారు. బుగ్గారం దిక్కు పోయారు, ధర్మపురి దిక్కు పోయారు, గోదావరి ఒడ్డున ముసలివాళ్లందరినీ అడిగారు. ఒక నాయనమ్మ కోసం ఈయనకు ఇంత తాపత్రయం ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. పైగా అవి తిరగాల్సిన రోజులు కావు. కొత్త మనిషి ఊళ్లోకి వస్తే, పోలీసుల మనిషని ఒకరు, అడవిలో ఉండే అన్నల మనిషని ఒకరు అనుకునేవారు. పోలీసులు వచ్చి అన్నలకు అన్నం ఎవరు పెట్టారని అడిగితే జనం "ఎర్కలే" అనేవారు. అన్నలు వచ్చి పోలీసులకు ఎవరు చెప్పారని అడిగితే అప్పుడూ "ఎర్కలే". తెలియదని చెప్పడానికి మా దిక్కు మాట అది. తెలిసినా తెలియకపోయినా అందరం అదే అనేవాళ్లం. మాకు ఆ మాట అంటే విసుగు పుట్టేంతగా అన్నాం.

ఒక మధ్యాహ్నం సారు ఎక్కిన బస్సును జవాన్లు ఆపారు. ఆపడానికి కాస్త ముందే ఒక మనిషి దిగి చేలకు అడ్డం పడి వెళ్లిపోయాడు. తెలుగు రాని జవాను ఒకడు, ముందు సీటు ముసలామెను, "వో ఆద్మీ కౌన్ సే గావ్ కా?" అని, ఆ దిగినవాడిది ఏ ఊరని గద్దించాడు. ఆమె "ఎర్కలే అయ్యా" అంది. జవాను ఊరి పేరే చెప్పిందనుకుని, పుస్తకంలో ఇంగ్లీషులో రాసుకున్నాడు. ఆమె వెనక సీట్లోంచి సారు తొంగి చూశారు. వై తో మొదలై, రెండు ఎల్లులతో సాగి, వై తో ముగిసింది.

సారు నవ్వారు. బస్సంతా బిక్కుబిక్కుమంటూ ఉంటే, గట్టిగా, కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వారట. జవాన్లు కిందికి దింపారు. సంచిలో నోటుబుక్కు దొరికింది. పేజీల నిండా పేర్లు, తండ్రుల పేర్లు, ఊళ్లు. ఠాణాకు తీసుకుపోయారు. అక్కడి ఆఫీసరు మా దిక్కువాడు కాదు.

"వీళ్లంతా ఎక్కడున్నారు?"

"సచ్చిపోయిండ్రు సార్."

"ఎవరు చంపారు?"

"శానమందిని గత్తర సంపింది సార్."

"గత్తర ఎవరు? ఏ దళం?"

నాలుగో రోజు హెడ్మాస్టరూ చర్చి అయ్యగారూ పూచీ పడితే వదిలారు. నోటుబుక్కు తిరిగి ఇవ్వలేదు. ఎడమకాలు మళ్లీ సరిగ్గా ఆనలేదు.

నేనూ చిన్నమ్మా చూడటానికి వెళ్తే, మంచం మీద, కాలికి ఆవపిండి పట్టుతో ఉన్నారు. "ముప్పై ఏండ్లు కండ్లతోటి సదివిన బిడ్డా, ఒక్కసారి నోటితోటి సదువలే. దొర ఏ ఊరని అడిగిండు. పిల్లను దెచ్చినామె ఎర్కలే అన్నది. పాపం, దొర ఊరని రాసుకున్నడు" అన్నారు. నాయనమ్మ వరుస దొరికింది మొన్నమొన్ననే, మరి ఈ ముప్పై ఏళ్లు ఏమిటో నాకు అర్థం కాలేదు. అదే అడిగాను.

"మీ నాయనమ్మది ఇప్పుడు సూసిన. నాది ఎప్పుడో సూసిన" అన్నారు. అదే పుస్తకంలో, మరికొన్ని పేజీల తర్వాత, సారు బాప్తిస్మం వరుస ఉంది. ఆయననూ ఎవరో తెచ్చి ఇచ్చి వెళ్లారు. ఆయన ఊరి గడిలోనూ అదే ఊరు.

అందరి తాతలనూ వెతికి ఇచ్చిన మనిషికి తన తండ్రి ఎవరో తెలియదని, ఆ ఒక్క పేరు పట్టుకుని ఇంతకాలం బతికాడని అప్పుడే తెలిసింది. ఇక ఆ పేరు కూడా లేదు. నాయనమ్మకు ఏం చెప్పమంటారని అడిగాను. "నువ్వేం జెప్పకు. నేనస్త" అన్నారు.

కాలు కాస్త ఆనగానే సిరిసిల్లలో మా ఇంటికి వచ్చారు, టీచరమ్మను వెంటబెట్టుకుని. ఆమె చేతిలో పచ్చ చీర, ఎండుకొబ్బరి కుడుకలు, పసుపు కలిపిన బియ్యం మూట. మా వాడంతా మగ్గాల చప్పుడు. సారు నాయనమ్మ ముందు కింద కూర్చున్నారు. "అక్కా, నీ ఊరు దొరికింది. నాది గూడ గదే ఊరు" అన్నారు.

"ఏ ఊరు తమ్మీ?"

"యెర్కల్లి" అన్నారు సారు, అచ్చం దొరలాగా పలికి.

నాయనమ్మ ఆయన మొహంలోకి చూసింది. పుట్టినప్పటి నుంచీ మా భాష మాట్లాడే మనిషి. ఆ మాట ఏమిటో ఆమెకు ఎవరూ విప్పి చెప్పాల్సిన పని లేదు.

"గాడ మనోళ్లు ఎవలన్న ఉన్నరా?" అంది చివరికి.

"నేనున్నక్కా."

నాయనమ్మ కొంగు సర్దుకుని, రెండు చేతులతో ఒడి పట్టింది. టీచరమ్మ దోసిళ్లతో బియ్యం పోసింది. సారు చర్చి మనిషి కదా, ఇదంతా చేయొచ్చా అని మా తాత మెల్లగా అడిగితే, "బియ్యమే గద మామా" అన్నారు. అక్క మొగుణ్ని బావా అనే అలవాటు కూడా ఆయనకు లేదు. నాయనమ్మే నవ్వి దిద్దింది.

అప్పటి నుంచి మూడేళ్లకోసారి, ఒడిబియ్యంతో, కాలీడ్చుకుంటూ వచ్చేవారు. నాయనమ్మ పోయిన రోజు తల్లిగారి చీర తెచ్చి కప్పింది ఆయనే. ఆయనకు నేను సరిగ్గా కృతజ్ఞత చెప్పుకోలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ నా మోకాళ్లు కూడా అరిగిపోయాయి.

సారును సమాధి చేశాక, చర్చి వరండాలో పాస్టరు పెద్ద పుస్తకం తెరిచాడు. చిన్నవాడు, మా మాట తెలియని దూరపు దిక్కు నుంచి కొత్తగా వచ్చాడు. పేరు రాశాడు, వయసు రాశాడు. "సొంత ఊరు?" అన్నాడు. ఎవరో కోరుట్ల అనబోయారు. టీచరమ్మ తలెత్తి నా వైపు చూసింది.

"యెర్కల్లి" అన్నాను.

"మీరు ఏమవుతారమ్మా?"

"మా నాయనమ్మ తమ్ముడు. ఇద్దరిదీ ఒకటే ఊరు."

పాస్టరు స్పెల్లింగ్ చెప్పమన్నాడు. టీచరమ్మ నా భుజం పట్టుకుని లేచి, ఆ పుస్తకం మీదికి వంగింది. వై తో మొదలుపెట్టి, అతని పెన్నును చూస్తూ, ఒక్కో అక్షరం చెప్పింది. "రెండు ఎల్లులు నాయనా" అంది, "ఒకటి తక్కువ రాయకు."