అంచు ముక్క

కర్నూలు ఇంజనీరింగ్ కాలేజీలో మాకు చిప్‌లో ఏ భాగం ఎక్కడుండాలో గీసే లేఅవుట్ నేర్పిన సారుది ముగ్గురాయి గనులుండే మంగంపేట. వెడల్పులు వేరైన రెండు ట్రాన్సిస్టర్లు ఒకే తీరున నడవాలంటే, పెద్దదాన్ని చిన్నదాని కొలతకే ముక్కలు చేసి, చిన్నదాన్ని వాటి నడుమ పెట్టించేవారు. వరుసకు రెండు కొసల్లోనూ సర్క్యూట్‌తో పనిలేని ముక్కను అదనంగా గీసేవారు. గీసిన ప్రతిసారీ దానిమీద వేలు ఆనించేవారు.

"తయారయ్యేటప్పుడు దెబ్బ అంచుకే తగుల్తాదప్పా. ఆ దెబ్బ ఈ ముక్క తింటే, లోపలుండేవి సరిగ్గా వస్తాయి."

ఆ ఊరి గనిలో పనిచేసి సారును చదివించిన వాళ్లన్న, ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుని పెద్దాసుపత్రిలో చనిపోయాడు. మేం వెళ్లేసరికి సారు అన్న రొమ్ము మీద అదే వేలు ఆనించి కూర్చున్నారు.

"నేను లోపలుంటినప్పా" అన్నారు.