చంకల కిర్రుచెప్పులు

మొన్న శుక్రారం, జుమ్మానాడు, పట్నంల ఏమైందో వేరేవాళ్ళు చెప్పకముందే నేనే చెప్త. వాళ్ళు చెప్తే రెండు మాటలు కలుపుతరు. నేను కలపనని మీకు తెలుసు గద! ఏమయ్యా, ఎందుకు నవ్వుతవ్?

మా బామ్మర్ది నర్సింలు ఫిడేలు నేర్చి ఆరేండ్లయింది. అప్పటిసంది మా ఇంట్లనే తింటున్నడు, మా ఇంట్లనే వాయిస్తున్నడు. పట్నంల ఒక వకీల్ సాబ్ తన బిడ్డలకు సంగీతం పంతులు కావాలన్నడట. జుమ్మానాడు అదాలతు కచేరికి సెలవు. మధ్యాహ్నం ఇంట్లనే దోస్తుల ముందర వాయించి చూపెట్టాలె. నచ్చితే కొలువు. నచ్చకపోతే నర్సింలు మళ్ళ మా ఇంటికే.

"తోడు పో. నోరు మూసుకొని కూసో," అన్నది మా ఇంటామె.

నాకు మొదలే అనుమానం. పట్టపగలు పాటేంది? మన ఊర్ల భజన గూడ దీపం పెట్టినంకనే. పగటిపూట పిలిచిండ్రంటే లోపల వేరే కథ ఉంటది.

పొద్దుగాల రైలెక్కినం. ఎదురుగ కూసున్నాయన మొఖం నా కాళ్ళ దిక్కే ఉన్నది. మక్తల్ సంతల తెచ్చిన కొత్త కిర్రుచెప్పులు మరి! అట్టల నడుమ ఏం పెట్టి కుట్టిండ్రో గని, నేను గల్లీ ఈ కొసకు వస్తుంటె ఆ కొసకు వినిపిస్తది.

"గీయన చెప్పుల దొంగ," అన్న నర్సింలు చెవుల.

"ఆయన నిద్రపోతున్నడు బావా!"

"దొంగలు గట్లనే పండుకుంటరు."

వకీల్ సాబ్ గడప దగ్గర నౌకరు అన్నడు: "చెప్పులు ఈడ ఇడువుండ్రి." ఆడ శానా జతలున్నయి గని, వాని చూపు నా జత మీదనే పడ్డది. తలూపిన. వాడు అటు తిరగంగనే రెండు చెప్పులు చంకల పెట్టి, మీద కండువ కప్పిన.

లోపల కమ్మటి కూరల వాసన. పాట అయినంకనే భోజనమట! ఆకలైనోడు నడుమల లేచిపోడని పన్నాగం.

నర్సింలు మొదలుపెట్టిండు. మావోడని కాదు, మంచిగనే వాయించిండు. రెండు నిమిషాలైందో లేదో, కిర్ర్! మావోని మొఖం వాడిపోయింది. తీగ సవరించి మళ్ళ ఎత్తుకున్నడు. కిర్ర్! వకీల్ సాబ్ కనుబొమ్మలు ముడిచిండు.

నాకు సమజైంది. ఇదంత పక్కన మృదంగం వాయించెటాయన పని. కోపానికి నాకు ఊపిరి ఎక్కువైంది. ఊపిరి ఎక్కువైన కొద్ది కిర్రు గూడ ఎక్కువైంది. ఆ రెంటికి పొత్తున్నదని అప్పుడు తట్టలె.

పక్కన కూసున్న ముసలాయన చెవుల చెప్పిన: "ఆ మృదంగమాయనకు మావోని మీద కుళ్ళు. కావాలనే చేస్తున్నడు."

"అట్లనా?"

"మొఖం చూస్తెనే నాకు మనిషి తెలుస్తడు."

"వాడు నా కొడుకు," అన్నడు ముసలాయన.

నా అనుమానం ఇంక గట్టి పడ్డది. తండ్రికొడుకులు కలిసే వచ్చిన్రు!

మూడోసారి కిర్రుమనంగనే నర్సింలు ఫిడేలు మీద గీసే కమాను కింద పెట్టిండు. "మాఫ్ చేయుండ్రి. నా ఫిడేలుల ఏదో లోపమున్నది."

కొలువు పోతున్నది! మావోడు మళ్ళ మా ఇంటికే! ఆగలేక లేచిన.

"లోపం ఫిడేలుది కాదు! చేసెటోడు గాడ కూసున్నడు!" అని మృదంగమాయన దిక్కు వేలు చూపెట్టెతందుకు చెయ్యెత్తిన.

చెయ్యెత్తితే చంకల ఏమాగుతది?

టప్. టప్. వకీల్ సాబ్ తివాచీ మీద రెండు చెప్పులు. కింద పడంగ ఒకటి కిర్రుమన్నది.

ముందుగాల వకీల్ సాబ్‌కే నవ్వొచ్చింది. కండ్లు తుడుచుకుంట నర్సింలును చూసి అన్నడు: "పంతులూ, గిసుంటి బావ పక్కనుండంగ గూడ నీ శ్రుతి తప్పలె. మా పిల్లల అల్లరి నీకేం అడ్డం? గీ పూట నుంచే ఈడ ఉండు."

చెప్పులు తీసుకొని గడప దగ్గరికి పోయిన. "జర చూస్తుండు," అన్న నౌకరుతోని.

"వీటిని ఎవరెత్తుకపోతరయ్యా? దొంగోడు నాలుగడుగులేస్తె లోపలున్నోళ్ళందరికి వినపడదా?"

గీ తెలివి నాకు పొద్దుగాలనే ఎందుకు రాలేదో!

భోజనమైనంక ఒక్కన్నే తిరుగుముఖం పట్టిన. వకీల్ సాబ్ గల్లీల మళ్ళ కిర్రుమనిపించెటంత మొఖం లేక, చెప్పులు చంకల పెట్టుకొని ఉత్తకాళ్ళతోనే వచ్చి రైలెక్కిన. ఎదురుగ ఒక పెద్దమనిషి కూసున్నడు. నా ఉత్తకాళ్ళు చూసిండు. నా చంక చూసిండు.

మెల్లగ తన చెప్పులు తీసి ఒళ్ళె పెట్టుకున్నడు.