రాయి ఎందుకు వేడెక్కదు

మా ఏసీ భాయ్ పోయిండు. శుక్రవారం మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కుంటుంటే ఫోన్లో వాయిస్ మెసేజ్ వచ్చింది. నెల్లూరు నుంచి, ఆయన ఇంటామె.

"అన్నా, మీ భాయ్ పొద్దున్నే పొయినాడు. నిద్దర్లోనే. కష్టపడలేదు." వెనక ఎవరో ఏడుస్తున్నరు. మళ్ల ఆమెనే అన్నది, "ఆ ఫ్లాస్కులు అట్నే ఉండాయా అన్నా? నిన్న గూడా అడిగినాడు."

మూడుసార్లు విన్న. రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపిన. నాకు మాటలు తక్కువ.

ఫ్లాస్కులు అట్లనే ఉన్నయి. ఆ సంగతి చెప్దామనే కూర్చున్న. ఇక్కడి మన తెలుగోళ్ల సంఘం పుస్తకంలో పోయినవాళ్ల గురించి చదువుకున్నోళ్లు రాస్తరు. నాది ఊరి బడి, ఐదో తరగతి. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మాది జగిత్యాల దిక్కు. ఇరవై రెండేండ్లు గల్ఫ్‌లో, మఫ్రఖ్ లేబర్ క్యాంపులో ఉండి బిల్డింగులకు ఇనుప సలాక కట్టిన. ఇక చాలని ఊరికి పోతే నా బిడ్డ మళ్ల పిలిపించింది. ఆమె ఇక్కడ నర్సు. కరోనా రోజులు, డ్యూటీ మీద డ్యూటీ. అల్లుడు ట్రక్కు మీద పోతే ఎప్పుడొస్తడో తెలువది. ఏడాదిన్నర పిల్లను చూసే మనిషి లేడు. విమానాలు మళ్ల తిరగంగనే వచ్చిన.

మేం ఉండేది బనియాస్‌లో ఒక పాత విల్లా. గదులు గదులుగా పంచి కిరాయికి ఇచ్చిండ్రు. నడుమ హోష్, అంటే అందరి వాకిలి. వాకిలి మూలకు ఒంటి గది. అందులో ఏసీ భాయ్ ఉంటుండె. ఏసీలు బాగుచేసే మేస్త్రీ. నాకంటె పదేండ్లు చిన్నోడు. నన్ను అన్నా అంటుండె. పిల్లకు మాటలు వచ్చినంక ఆయన 'భాయ్ తాత' అయిండు.

మొదటిసారి మాట్లాడింది చెంచా మీద. పిల్లను ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి అన్నం పెడుతున్న. అది చెంచా కింద పడేస్తది. నేను తీసి ఇస్త. మళ్ల పడేస్తది. నాకు కోపమొచ్చి చెంచా గుంజుకున్న. గడప మీద చాయ్ తాగుతున్న భాయ్ అన్నడు:

"విసుక్కోబాకన్నా. అది పని జేస్తా ఉండాది."

"ఏం పని?"

"పందొమ్మిదిసార్లు పడేసింది. నేను లెక్కబెట్టినా. ప్రతిసారీ కిందికే పోతాదా, ఒక్కసారన్నా పైకి పోతాదా అని చూస్తా ఉండాది. నువ్వు చూసినావా ఎప్పుడన్నా?"

నేను చూడలేదు. అరవై దాటినా చూడలేదు.

తెల్లారి ఆయన చెంచాకు బదులు దూది ఉండ ఇచ్చిండు. ఆ తర్వాత బెలూన్. బెలూన్‌ను ఏసీ గాలి పైకి లేపితే పిల్ల నోరు తెరిచి అట్లనే ఉండిపోయింది. భాయ్ జేబులో నుంచి పెన్సిల్ తీసి, కంప్రెసర్ వచ్చిన అట్టపెట్టె చింపిన ముక్క మీద ఏదో రాసుకున్నడు. ఆయన నోటుబుక్కులు అన్నీ అట్టముక్కలే. గదిలో మంచం కింద గుట్టలు గుట్టలు.

పిల్లల పెంపకం కూడా మిషన్ పని లెక్కనే చూసి నేర్చుకోవాలె అంటుండె. పుస్తకాలు చదివి కాదు, పిల్ల ముందర కూర్చుని. "నేనియ్యన్నీ ముందే చేసుంటే బాగుండేదన్నా" అని ఒకసారి చెప్పిండు. ఆయన కొడుకును ఫోన్లోనే పెంచిండట. చదివినావా, రాసినావా, ఎన్ని మార్కులు. ఇంట్లో ఫోన్ మోగితే ఆ పిలగాడు బాత్రూంలోకి పోయి తలుపు పెట్టుకునేవాడట. "నేను చెడగొట్టినాను. అందుకే ఇప్పుడు చూస్తా ఉండా, యాడ చెడతాదా అని."

ఆయన చెప్పిన ఉపాయం ఒక్కటే. పిల్ల ఏదన్నా అడిగితే వెంటనే జవాబు ఇయ్యొద్దు. పది లెక్కపెట్టాలె. "ఆ పదిలోపల అదే ఏదో ఒకటి జెప్తాది. తప్పన్నా జెప్పనీ." వేళ్లు ముడుచుకుంటా లెక్కపెడుతుండె. ఎడమ చెయ్యి నాలుగో వేలు సగమే. ఎప్పుడో ఫ్యాన్ రెక్క కొరికింది. "నాది తొమ్మిదిన్నర లెక్కన్నా, నువ్వు పూర్తి పది పెట్టు" అని నవ్వుతుండె.

ఆయనకు ఒక పిచ్చి ఉండె. పిచ్చి అని నేనంటలేను, ఆయన కంపెనీ ఇంజినీర్ అన్నడట.

సంగతి ఇది. ఏసీ చల్లదనం ఇయ్యదు. లోపలి వేడిని బయట పారేస్తది, అంతే. గ్యాస్ నింపే ముందర పైపుల గాలి తీయడానికి పంపు పెడుతరు. పంపు గాలిని లాగుతది అంటరు అందరు. భాయ్ ఒప్పుకోడు. "లాగదు. ఈ కొస ఖాళీ అయితే ఆ కొస గాలే తోసుకుని వస్తాది. నా సర్వీసులో లాగేదాన్ని ఒక్కదాన్ని చూడలేదన్నా. అంతా తోపుడే." అట్ల అనుకుంట అనుకుంట, ఒకరోజు మేడ మీద పని చేస్తుంటే చేతిలో స్పానర్ జారి కింద పడ్డదట. అప్పుడు తట్టిందట. భూమి కూడా లాగదు. ఆకాశం నలుదిక్కుల నుంచి కంటికి కనపడనిది ఏదో మనల్ని తోస్తున్నది. కింది నుంచి వచ్చేదాన్ని భూమి అడ్డుకుంటది. పైనుంచి వచ్చేది గెలుస్తది. అందుకే పడతం.

పద్దెనిమిదేండ్లు ఆ ఒక్కదాని మీద ఆలోచించిండు. ఇంజినీర్ "భాయ్, ఇది పుస్తకంలో లేదు" అంటే, "పుస్తకంలో లేదా, తప్పా? రెంటిలో ఏది సార్?" అని అడిగిండట. ఇంజినీర్ కారెక్కి పోయిండట.

ఇది చెప్తున్నప్పుడు ఆయన మొఖం చూడాలె. చేతిలో సులేమానీ చాయ్ చల్లారిపోయేది. నాకు సగం అర్థమయ్యేది. మిగతా సగం అడగాలనిపించేది. అడగలేదు.

నేను అడగకపోవడానికి ఒక కథ ఉంది. మూడో తరగతిలో సారును ఒక్కటి అడిగిన: మబ్బు కింద పడదేంది సార్? క్లాసంతా నవ్వింది. సారు పొద్దుమూకే దాకా మోకాళ్ల మీద నిలబెట్టిండు. అంతే. వీసా ఇచ్చిన కఫీల్‌ను, పని చేయించే ముదీర్‌ను, ఎవ్వరినీ ఏదీ అడగలే. యల్లా, పదండి అంటే లేచిన, ఖలాస్, అయిపోయింది అంటే దిగిన. ఇది ఒక్క భాయ్‌కే చెప్పిన. ఆయన నవ్వలేదు. జవాబు కూడా చెప్పలేదు. "అది ఇంకా బతికే ఉండాదన్నా నీ లోపల. ఎవురో ఒకర్ని అడుగు" అన్నడు.

పిల్లకు ఐదేండ్లు వచ్చినయి. చిన్న సైకిల్ కొన్నం. భాయ్ పంపు తెచ్చి గాలి కొట్టించి, "ఇప్పుడు పంపు ముట్టుకో" అన్నడు. ముట్టుకుని చెయ్యి వెనక్కి గుంజుకుంది.

"కాలుతుంది! ఎందుకు భాయ్ తాతా?"

ఆయన వేళ్లు ముడుస్తున్నడు. ఏడో వేలు కాడ పిల్లనే అన్నది, "తోసినందుకా?"

"అదీ!" అని భాయ్ ఎగిరిండు.

వారం తర్వాత ఆయన పిల్లకు తన పెద్ద లెక్క చెప్పిండు. మా వాకిట్లో ఒక నల్లరాయి ఉండె, తలుపు కొట్టుకోకుండ పెట్టేది. అది చూపించి, దీన్ని పైనుంచి ఎప్పుడూ ఒకటి తోస్తా ఉంటాది, పగలూ రాత్రీ ఆగదు అని చెప్పిండు. పిల్ల రాయి మీద చెయ్యి పెట్టింది. పొద్దుటి పూట, రాయి చల్లగా ఉంది.

"మరి రాయి ఎందుకు వేడెక్కదు?" అన్నది. "తోస్తే వేడెక్కుతది కదా. పంపు ఎక్కింది కదా."

భాయ్ వేలు ముడవలేదు. నన్ను చూసిండు. రాయిని చూసిండు. చాయ్ కప్పు అక్కడనే పెట్టి గదిలోకి పోయి తలుపేసుకున్నడు.

మూడు రోజులు వాకిట్లో కూర్చోలేదు. డ్యూటీకి పోవుడు, గదిలోకి పోవుడు. సలాం చెప్తే తల ఊపుడు. పెద్దమనిషి పద్దెనిమిదేండ్ల కష్టం, నా మనవరాలు ఒక్క మాటతోటి కూలగొట్టింది. పిల్లను కూర్చోబెట్టి గట్టిగ చెప్పిన. "పెద్దోళ్ల మాటకు అడ్డం రావొద్దు. ఎక్కువ అడగొద్దు. తెలిసిందా?" తల ఊపింది. నేను జీవితంలో అంత గట్టిగ మాట్లాడింది అదే, అది కూడా దానికే.

పిల్ల మాట మానేసింది. ఇంట్లో అవును, కాదు. బడిలో అది కూడా లేదు. కేజీ టీచర్ రాసి పంపింది, క్లాసులో నోరు విప్పుతలేదు, ఏమైంది అని. నా బిడ్డ డ్యూటీ నుంచి వచ్చి ఆ చీటి చదివి, "ఏమైంది బాపూ దీనికి?" అని నన్నే అడిగింది. నేను నేల చూసిన.

నాలుగో రోజు భాయ్ వచ్చిండు. చంకలో అట్టముక్కలు, మొఖం వెలిగిపోతుంది. "యాడ నా ఇంజినీరమ్మ?" పిల్ల నా వెనక దాక్కుంది. ఆయన పిలిచినా రాలేదు. అప్పుడు జరిగింది చెప్పిన.

ఆయనకు కోపం రావడం అదొక్కసారే చూసిన.

"ఏం పని జేసినావన్నా! నా లెక్క పోతే పొయ్యింది, ఇంకోటి కట్టుకుంటా. దీని నోరు మూతబడితే ఏ మేస్త్రీ బాగుజేస్తాడు? నిన్ను మోకాళ్ల మీద నిలబెట్టినాయన్ని నువ్వింకా మర్చిపోలే. ఇది నిన్ను మర్చిపోతాదా?"

నేను పక్కకు జరిగిన.

ఆయన పిల్ల ముందర నేల మీద కూర్చున్నడు. "తల్లీ, నేను అలగలేదు. నువ్వడిగింది నాకు పద్దెనిమిదేండ్లలో తట్టలే. వేడి నా పనే గదా, అయినా తట్టలే. మూడ్రోజులు లెక్కలేసినా, జవాబు దొరకలే. నువ్వే రైటు అనుకుంటా. అనుకుంటే సాలదు, చూద్దాం." పిల్ల విన్నది. మాట్లాడలేదు.

మరుసటి రోజు రెండు స్టీలు ఫ్లాస్కులు తెచ్చిండు. ఒకదాంట్లో పాత ఇనుప బోల్టులు నింపిండు, ఇంకొకదాంట్లో థర్మాకోల్ ముక్కలు. రెండింటికీ ఏసీ పైపులకు చుట్టే నల్ల ఫోమ్ చుట్టి, మూతలకు థర్మామీటర్లు గుచ్చి, వాకిట్లో గోడ మీద పక్కపక్కన పెట్టిండు. బరువున్నదాని మీద తోపుడు ఎక్కువ. తన లెక్క నిజమైతే బోల్టులదే వేడి ఎక్కువ కావాలె. పిల్ల పని రోజూ సాయంత్రం రెండు అంకెలు చదివి అట్ట మీద రాయడం. నోటితో చెప్పే పని లేదు.

మొదటి రోజు బోల్టులది ఒక డిగ్రీ ఎక్కువుంది. రెండో రోజూ అంతే. మూడో రోజూ. భాయ్ వాకిలంత తిరిగి గంతులేసిండు. "జూసినావా అన్నా! నాదే రైటు! ఖలాస్! రాయి వేడెక్కతా ఉండాది, మనకే తెలవలే!" పిల్ల మొఖం చిన్నబోయింది. నాకు ఆయన మీద కొంచెం కోపం కూడా వచ్చింది. పిల్ల దగ్గర ఇంత గెలుపు ఏంది అని.

పిల్ల గోడ దగ్గరనే నిలబడ్డది. చానాసేపు చూసింది. తర్వాత, వారం రోజుల తర్వాత దాని నోట్లో నుంచి వచ్చిన మొదటి పూర్తి మాట ఇది:

"భాయ్ తాతా, తప్పు. దీనికి ఎండ తగులుతుంది. దానికి తగలట్లే."

నిజమే. పక్కింటి నీళ్ల ట్యాంకు నీడ ఒక్క ఫ్లాస్కు మీదనే పడుతుంది. పిల్ల రెండింటినీ అటిటు మార్చింది. మర్నాడు థర్మాకోల్‌దే ఎక్కువ చూపించింది. రెండింటినీ నీడకు పెడితే ఒక్కతీరుగ చూపించినయి. భాయ్ తల పట్టుకుని కూర్చున్నడు. పిల్ల నవ్వింది. ఆ తర్వాత అది ఆగలేదు. టీచరే మళ్ల రాసి పంపింది, కొంచెం తక్కువ మాట్లాడమనండి అని.

అల్లుడు ఫోన్లో వెతికి చెప్పిండు. ఇదే తోపుడు లెక్క చాన ఏండ్ల కింద పైదేశాల పెద్ద చదువులోళ్లు కూడా వేసిండ్రట. వేడి కాడనే అది కూడా ఆగిపోయిందట. భాయ్ బాధపడతడనుకున్న. తొడ చరుచుకుని నవ్విండు. "అయితే దారి కరెక్టేనన్నా! వాళ్లు పడిన గోతిలోనే పడినాను. ఎవురూ జెప్పకుండా అందాకా నడిచినాను గదా!"

నాకు మాత్రం ఒకటి అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు. ఎండ ఎటు పడుతదో చూడకుండ ఏసీ బిగించే మేస్త్రీ ఉంటడా? బయట యూనిట్ పెట్టే ముందర అరగంట నిలబడి నీడ ఎటు జరుగుతదో చూసే మనిషి. నాకే పాఠం చెప్పిండు, ఎండలో పెట్టిన ఏసీ సగం పని ఎండతోటే చేస్తది అని. అట్లాంటోడు ఆ ఫ్లాస్కులు ఆ గోడ మీద, సరిగ్గా ఆ నీడ అంచున, మరిచిపోయి పెట్టిండా? లేక పిల్ల పట్టుకోవాలెనని పెట్టిండా? ఆ గంతులు నిజమైనవేనా?

అడగాలె అనుకున్న. పక్క గది. పది అడుగులు. రెండేండ్లు ఉన్నడు ఆ తర్వాత కూడా. అడగలే.

పోయిన చలికాలం ఆయన వీసా ముగించుకుని ఇంటికి పోయిండు. అట్టముక్కలు మూడు పెట్టెలు. ఫ్లాస్కులు పిల్లకు ఇచ్చిండు. "లెక్క ఆపబాక తల్లీ. ఒకటే తీరుగ ఉండాయని నిన్నటి దాకానే తెలుసు. ఈరోజుది తెలవదు గదా." నన్ను కౌగిలించుకున్నడు. టాక్సీ ఎక్కినంక కిటికీ దించి, "నీ మబ్బు సంగతి మర్చిపోబాకన్నా" అన్నడు. అప్పుడన్నా అడగొచ్చు. నేను చెయ్యి ఊపిన.

శుక్రవారం సాయంత్రం పిల్ల ఎప్పటి తీరుగ స్టూలు ఎక్కి రెండు థర్మామీటర్లు చదివింది. ఒక్కతీరుగనే ఉన్నయి. అట్ట మీద రాసింది.

"తాతా, మరి భాయ్ తాతకు ఎవరు చెప్తరు?"

"రాసి పెట్టు బిడ్డా" అన్న.

రాసి పెట్టింది. నేను గోడకు ఒరిగి నిలబడ్డ. ఇక్కడ మబ్బులు తక్కువ. ఆ రోజు సముద్రం దిక్కు నుంచి ఒకటి వచ్చింది, చిన్నది, దూది తీరు. ట్యాంకు మీదికి వచ్చి కదలకుండ నిలబడ్డట్టు ఉంది. చుట్టు ఎవ్వరూ లేరు. అయినా అటిటు చూసిన.

"బిడ్డా, మబ్బు కింద పడదేందే?"

చెప్పబోయి నోరు తెరిచింది. మళ్ల మూసుకుంది. నా దిక్కే చూసుకుంట ఎడమ చెయ్యి ముందరికి చాపి వేళ్లు ముడవడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు. నాలుగో వేలు కాడికి వచ్చినప్పుడు దాన్ని సగమే ముడిచింది.