ముడి వెయ్యని తువాలు

నిన్న మధ్యాహ్నం ఫోనులో ఒక వీడియో వచ్చింది. జగదల్‌పూర్ పొలిమేరలో ఒకప్పుడు నేను పనిచేసిన వికలాంగుల ఆశ్రమానికి కొత్త భవనం కట్టారట. రిబ్బను, లడ్డూలు, మొహం కనిపించేంత నున్నటి పలకలు, అన్నీ ఉన్నాయి. బొటనవేలి బొమ్మ ఒకటి పంపి చేతులు దులుపుకుందామనుకుంటుండగా వెనక వరసలో దాదా కనిపించాడు. తెల్లటి కొత్త తువాలుతో రెండు చేతులూ కలిపి కట్టేసి ఉన్నాయి. పక్కనే ఎవరో ఆయన నోట్లో చెంచాతో లడ్డూ పెడుతూ కెమెరా వైపు నవ్వుతున్నారు. నాకింకా నలభై నిండలేదు, జ్ఞాపకాలు రాసుకునే వయసు కాదు. కాని ఆ చెంచా చూశాక ఒళ్లు మండి ఇది రాయడానికి కూర్చున్నాను.

కోంటాలో మా నాన్నది బట్టల కొట్టు. చావు బట్టలు కొనడానికి వచ్చినవాళ్లను కూడా నవ్వించబోయే కొడుకు గల్లా దగ్గర పనికిరాడని తేల్చేసి, తెలిసినవారిని పట్టుకుని నన్ను ఆశ్రమంలో సహాయకుడిగా వేయించాడు. అక్కడుండే వాళ్లలో దాదా అందరికీ దాదాయే, అంటే అన్న. నాకంటే పదేళ్లు పెద్ద, మాట లేదు. కుడి పిడికిలితో కణతకేసి కొట్టుకునేవాడు; అక్కడి చర్మం మడమలా మొద్దుబారింది. అందుకని పొద్దున్నే చేతులు కట్టేసి, పడుకోబోయే ముందు విప్పేవారు. తమాషా ఏమిటంటే తువాలు ఆయనే తెచ్చి, రెండు చేతులూ చాపి నిలబడేవాడు. చూశారా, ఆయనకే ఇష్టం, అని సూపరింటెండెంటు వచ్చినవారందరికీ చూపించేవారు. మణికట్ల మీది పుళ్లను మాత్రం చూపించేవారు కారు.

ఒక ఉదయం ఆ ముడి నా వంతుకొచ్చింది. నేనేదో కనిపెట్టానని రాసుకోవాలని ఉంది గాని, నిజానికి చాయ్ చల్లారిపోతోందన్న తొందరలో, కొట్లో బట్ట మడిచే అలవాటుకొద్దీ తువాలును ఆయన చేతుల చుట్టూ చుట్టి, కొస లోపలికి దోపి, ముడి వెయ్యడం మరిచి వెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి దాదా అలాగే కూర్చున్నాడు. కొట్టుకోలేదు. భోజనం వేళకు తనే తువాలు విప్పి ఒళ్లో పెట్టుకుని, పప్పన్నం తన చేత్తో తిని, వేళ్లు నాకి, చెయ్యి కడిగించుకుని మళ్లీ తనే చుట్టుకున్నాడు. నేను నోరు తెరుచుకుని నిలబడటం చూసి, మరైగూడ నుంచి వచ్చి అక్కడ వంట చేసే అక్క అంది: "ఏందిరా అట్ల జూస్తవ్? ఆయనకు కావల్సింది బట్ట. ముడి మీకు కావాలె."

అప్పటినుంచి ఇద్దరం కనిపెట్టి చూశాం. నీళ్ల మోటారు మొదలవగానే పిడికిలి లేచేది. అందుకని మోటారు వెయ్యబోయే ముందే తువాలు అందించేవాళ్లం. అయినా కొట్టుకునే రోజులుండేవి, మేమేం మహిమలు చెయ్యలేదు. అలాంటప్పుడు అక్క ఆయన పిడికిలికీ కణతకీ మధ్య తన అరచెయ్యి అడ్డం పెట్టి కూర్చునేది. మణికట్ల మీది పుళ్లు మానాయి.

తనిఖీ రోజున సూపరింటెండెంటు వదులు తువాలు చూసి బెంబేలెత్తిపోయారు. "ఎవరు విప్పారిది? అధికారుల ముందర తల పగలగొట్టుకుంటే జిమ్మేదారీ ఎవరిది?" అని అరిచారు. అక్క గరిటె దించకుండానే, "మీ చేతులు గట్టి నేను బువ్వ వెడత సాబ్, ఒక్క పూట తింటరా?" అంది. నేను నవ్వాను. నా జీవితంలో సమయానికి వచ్చిన నవ్వు అదొక్కటే. అయినా ముడి పడింది, ఫొటో పడింది. జీపు కదలగానే నేను విప్పాను.

తర్వాత నాకు కిరండూల్‌లో ఉద్యోగం దొరికింది, అక్క మోకాళ్ల నొప్పులతో ఊరికి వెళ్లిపోయింది. ఎవరెప్పుడు స్నానం చేశారో రాయడానికి కూడా ఆశ్రమంలో రిజిస్టరుండేది. ముడి అక్కర్లేదన్న రెండు మాటలు నేను అందులో రాయలేదు. సూపరింటెండెంటును తిట్టడానికున్న ఓపిక, ఒక్క వాక్యం రాయడానికి లేకపోయింది.

వీడియో చూశాక ఆశ్రమానికి ఫోను చేశాను. కొత్త సహాయకుడు మర్యాదగానే విన్నాడు. "తువాలు ఆయనే తెచ్చి ఇస్తడు సార్," అన్నాడు. ముడి వద్దు, చుట్టి కొస దోపితే చాలన్నాను. "ఆర్డర్ ఏమన్న ఉన్నదా సార్, రాతల?" అన్నాడు.

ఉంది, ఈ రాసిందే. ఆదివారం రైలెక్కి నేనే తీసుకెళ్లి ఆ సహాయకుడి చేతిలో పెడతాను. ఇప్పుడక్కడ అన్నీ కొత్తవి: గోడలకు రంగు, గుమ్మానికి కెమెరా, దాదా చేతులకు తువాలు. మా రోజుల్లో ఆశ్రమమంటే రేకుల షెడ్డే, పంకా కూడా లేదు గాని, భోజనం వేళ దాదా వేళ్లు నాకే చప్పుడు వినిపించేది. ఆ వేళ్లకు మెతుకు అంటుకుని ఎన్నేళ్లయిందో.